మూడోసారి నేను చదువుతాను

"లైన్‌లో రండి."

ఆ మాట అన్న మనిషి తల కూడా ఎత్తలేదు. అద్దాల కిటికీ వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు.

"నేను డబ్బు పంపడానికి రాలేదండీ," అంది ఆమె.

"అయితే మరీ మంచిది. తొందర లేనివాళ్ళు చివర నుంచుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. భుజాన బ్యాగు, అందులో లాప్‌టాపు, చెక్కిన పెన్సిళ్ళు నాలుగు, ముప్పావుగంట కూర్చుని రాసుకున్న ప్రశ్నల చిట్టా. ఇంత సరంజామాతో వచ్చిన మనిషిని పట్టుకుని లైన్‌లో రమ్మంటాడా? పళ్ళు నూరుకుంటూనే వెళ్ళి పద్నాలుగో మనిషి వెనక నుంచుంది.

తమాషా ఏమిటంటే, ఆ కిటికీ పైన వేలాడుతున్న బోర్డు ఆమె కంపెనీదే. ఈ పరాయి దేశానికి పనికొచ్చినవాళ్ళ డబ్బు వాళ్ళ ఇళ్ళకి పంపే కంపెనీ. వాళ్ళకి ఇలాంటి కౌంటర్లూ ఉన్నాయి, ఫోన్‌లో వాడుకునే యాపూ ఉంది. ఆ యాప్‌లో ఏ బటన్ ఎక్కడుండాలో, ఏ మాట ఎలా కనిపించాలో ఆలోచించి గీసే డిజైనర్ ఈమె. రెండేళ్ళుగా డబ్బు పంపేవాళ్ళ కోసం స్క్రీన్లు గీస్తోంది కాని, వాళ్ళ పక్కన నుంచోవడం మాత్రం అదే మొదటిసారి.

ముందున్న పెద్దాయన చేతిలో ఫోను, ఫోన్‌లో ఆమె కంపెనీ యాపే.

"బాబాయ్, యాప్ ఉందిగా. మరి లైన్‌లో ఎందుకు?"

"ఉందమ్మా. అది ఏమంటోందో ఈ మూడుసార్ల బాబు చేత చెప్పించుకుందామని."

"మూడుసార్ల బాబా?"

"చూస్తావుగా," అన్నాడు పెద్దాయన, గొప్ప నాటకం టిక్కెట్టు చేతిలో ఉన్నవాడిలా.

చూసింది. కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా ఒకటే తంతు. డబ్బు అందుకోబోయే మనిషి పేరు, అకౌంటు నంబరు కాగితం మీద రాసి వాళ్ళ ముందుకు తోసేవాడు. "రెండుసార్లు మీరు చదవండి. మూడోసారి నేను చదువుతాను. తేడా లేకపోతేనే వెళ్తుంది." వాళ్ళు బుద్ధిగా బడిపిల్లల్లా చదివేవాళ్ళు. ఆ తర్వాత అతను చదివేవాడు. అప్పుడు గానీ కంప్యూటర్ మీద చెయ్యి వేసేవాడు కాదు.

నలభై నిమిషాలకి ఆమె వంతు వచ్చింది.

"ఎవరికి పంపాలి?"

"ఎవరికీ కాదు. మీ బోర్డు మీదున్న కంపెనీయే నాది. యాప్ డిజైనర్‌ని."

అప్పుడు తలెత్తాడు. కళ్ళద్దాల వెనక కళ్ళు నిద్రమత్తులో ఉన్నట్టుంటాయి కాని, చూడాల్సినవన్నీ చూసేస్తాయని ఆమెకి తర్వాత్తర్వాత తెలిసింది.

"అయితే ఆ గిర్రున తిరిగే చక్రం మీదేనా?"

"ఏ చక్రం?"

"'పంపు' అని నొక్కాక ఒక చక్రం తిరుగుతుంది. తిరిగీ తిరిగీ 'మీ అభ్యర్థన ప్రాసెసింగ్‌లో ఉంది' అంటుంది. డబ్బు వెళ్ళినట్టా వెళ్ళనట్టా చెప్పదు. రోజుకి ఇరవైమంది ఆ చక్రాన్ని పట్టుకొచ్చి నాకు చూపిస్తారు."

"అది నేను గీసింది కాదు, నాకన్నా ముందున్నవాళ్ళది. దాన్ని మార్చడానికే వచ్చాను."

"ఆ ముక్క ముందే చెప్పచ్చు కదండీ."

"చెప్పబోతే లైన్‌లో రమ్మన్నారు."

షాపు లోపలి నుంచి ఒక నవ్వు వినిపించింది. ఆ షాపు అతని పిన్నిది. ఫోన్ కవర్లు, గొడుగులు, ఓ మూల ఫోటోకాపీ మిషను, ఇంకో మూల ఈ డబ్బు కిటికీ. నవ్విన పిన్ని ఒక స్టూలు తెచ్చి కిటికీ పక్కన వేసింది.

"వాడి మాటలకేం గానీ, కూర్చో తల్లీ. ఇరవై రెండేళ్ళ నుంచి ఈ కంపెనీ బోర్డు తుడుస్తున్నాను. అక్కడి నుంచి ఒక మనిషి రావడం ఇప్పుడే చూస్తున్నాను."

*

ఆ స్టూలు ఆమెకి ఖాయమైపోయింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి వచ్చేది. వచ్చినవాళ్ళని చూసేది, అడిగేది, పుస్తకంలో బొమ్మలు గీసుకునేది. మూడో రోజుకి లైన్‌లోవాళ్ళు ఆమెకి బొమ్మలమ్మాయి అని పేరు పెట్టేశారు.

"మీ చీటీ ఒకటి ఇస్తారా?" అని అడిగింది ఒకరోజు.

డబ్బు పంపిన ప్రతివాళ్ళకీ కంపెనీ రసీదు కాకుండా అతను చేత్తో రాసిన ఒక చీటీ ఇచ్చేవాడు. చాలామంది రసీదు అక్కడే పారేసి చీటీ మాత్రం భద్రంగా దాచుకునేవాళ్ళు. పైన పెద్ద అక్షరాలతో అక్కడ చేతికి అందే మొత్తం. దాని కింద ఎవరికి, ఏ రోజు, ఎన్ని గంటలకి. ఇక్కడ పట్టుకున్న రుసుము, మారకం రేటు అన్నిటికన్నా కింద.

"ఇలా తిరగేసి రాశారేంటి? మా యాప్‌లో పంపేది ముందు, అందేది చివర."

"ఇంటికి ఫోన్ చేసి ఎవరైనా 'నేనింత పంపాను' అంటారా? 'నీకింత వస్తుంది, ఫలానా టైముకి' అంటారు. చెప్పేది ఏదో అదే కదా పైన ఉండాలి."

ఆమె పెన్సిలు ఆగిపోయింది. రెండేళ్ళు, పదకొండు మీటింగులు, గోడనిండా రంగుకాగితాలు. ఇంత చిన్న సంగతి ఒక్కళ్ళకీ తట్టలేదు.

"ఏంటి, అలా చూస్తున్నారు?"

"తిట్టాలో దండం పెట్టాలో తెలియక."

"తిట్టండి. అలవాటైందే."

అలా మొదలైంది. అతని చీటీ ఆమె స్క్రీన్ అయింది. 'బెనిఫిషియరీ' అని ఉన్నచోట 'డబ్బు ఎవరికి?' అని వచ్చింది. చక్రం ఎగిరిపోయి 'పంపేశాం. రేపు ఉదయం పదింటికి చేరుతుంది' అన్న మాట వచ్చింది. ఆమె ఒక్కో బొమ్మా గీసి అద్దానికి అంటిస్తే, అతను లోపలి నుంచి వేలితో చూపించి "ఇది అర్థం కాదు" అనేవాడు. ఎందుకు అర్థం కాదని ఆమె పోట్లాటకి దిగేది. చివరికి ఇద్దరూ లైన్‌లో ఎవరో ఒకరిని అడిగేవాళ్ళు. ఎక్కువసార్లు అతనే నెగ్గేవాడు. నెగ్గినప్పుడు నోరు మెదపకుండా కళ్ళద్దాలు తుడుచుకునేవాడు. ఆ తుడుచుకోవడం చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది. రెండు వారాలకి, అదే తుడుచుకోవడం కోసం కావాలని ఓడిపోవడం మొదలుపెట్టింది.

"మీ యాప్ మరీ బాగుపడితే నా కిటికీ మూసెయ్యాలి, తెలుసా?" అన్నాడు ఒక సాయంత్రం, బయట వాన పడుతుంటే.

"మరి సాయం ఎందుకు చేస్తున్నట్టు?"

"గంటసేపు నుంచుని కాళ్ళు మార్చుకునేవాళ్ళని రోజూ చూసేది నేనే కదా. మీకెందుకంత పట్టుదల?"

ఆమె గొడుగుల స్టాండు వైపు చూస్తూ అంది. "నేను చదువుకున్నది మా పెద్దమ్మ పంపిన డబ్బుతో. వేరే దేశంలో వంటమనిషిగా చేసి తొమ్మిదేళ్ళు పంపింది, ఇప్పుడు మా ఊరికి తిరిగొచ్చేసింది. నెల మొదట్లో డబ్బు వచ్చేది, అంతే. ఏ లైన్‌లో నుంచుని పంపేదో ఒక్కసారి కూడా అడగలేదు నేను."

అతను స్టాండులోంచి ఒక నీలం గొడుగు తీసి ఇచ్చాడు. ఆమె అటు వెళ్ళగానే పిన్ని పద్దు పుస్తకం తెరిచి, నీలం గొడుగు ఒకటి, అబ్బాయి ఖాతా అని రాసుకుంది.

*

ఇక పరీక్ష రోజు. పరీక్ష మనుషులకి కాదు, యాప్‌కి. ఫోటోకాపీ మిషను పక్కన చిన్న బల్ల, దాని మీద ఫోను, ఫోన్‌లో కొత్త యాప్ నమూనా. పైకి అన్నీ నిజం యాప్‌లాగే పనిచేస్తాయి కాని, లోపల ఏమీ ఉండదు. ఏ నంబరు కొట్టినా తీసుకుంటుంది, ఒక్క పైసా కదలదు. వచ్చినవాళ్ళకి లేని మనిషి పేరు, లేని అకౌంటు నంబరు ఉన్న కార్డు ఇచ్చి, 'ఈవిడకి డబ్బు పంపండి' అనాలి. వాళ్ళు ఎక్కడ తడబడతారో ఫోన్ తన కెమెరాతో, మాటలతో సహా రికార్డు చేస్తుంది. తొమ్మిదిమందిని కూర్చోబెడతారు. అందరూ దాటగలిగితే కొత్త యాప్ ముందుకి వెళ్తుంది.

ఏడో మనిషి ఇస్త్రీ అక్క. పక్క వీధి హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట పని. ఆరోజు లైన్ షాపు దాటి రోడ్డు మీదికి వచ్చింది. మూడింటికి డ్యూటీ, ఆవిడ గుమ్మంలో నుంచుని గడియారం చూసుకుంటోంది.

"అక్కా, నాకోసం ఓ పది నిమిషాలు ఆ బల్ల దగ్గర కూర్చోవా? ఈలోపు లైన్ తగ్గుతుంది," అన్నాడు అతను కిటికీలోంచి.

"నువ్వు చెప్తే కాదంటానా," అని కూర్చుంది.

బొమ్మలమ్మాయి తన దగ్గరున్న కాగితం చదివింది. 'ఇది ఒక నమూనా మాత్రమే. ఇందులో ఎటువంటి వాస్తవ లావాదేవీ నిర్వహించబడదు.' ఆఫీసులో లాయరు రాసిచ్చిన వాక్యం. అక్క తలూపింది. అప్పుడే ఫోటోకాపీ కోసం ఎవరో పిలిస్తే బొమ్మలమ్మాయి అటు తిరిగి, వచ్చేసరికి అక్క లేచి కొంగు సర్దుకుంటోంది.

"అయిపోయిందా అక్కా? కష్టంగా ఉందా?"

"కష్టమేముంది, మంచినీళ్ళు తాగినట్టుంది," అంది. వెళ్తూ వెళ్తూ కిటికీ వైపు చెయ్యి ఊపింది. "నీ పుణ్యమా అని లైన్ తప్పింది బాబూ."

*

సాయంత్రం ఆఫీసులో రికార్డింగులు వేసి చూశారు. తొమ్మిదికి తొమ్మిదిమందీ చివరిదాకా వెళ్ళారు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఆమె మాత్రం ఏడో రికార్డింగు మళ్ళీ వేసింది, ఇంకోసారి వేసింది.

అక్క ఆ కార్డుని పక్కకి తోసేసింది. పర్సులోంచి మడత కాగితం తీసి, దానిలో చూసి పేరూ నంబరూ కొట్టింది. 'పంపేశాం. రేపు ఉదయం పదింటికి చేరుతుంది' అని స్క్రీన్ చెప్పగానే ఫోనుకి రెండు చేతులూ జోడించింది. "రేపు పన్నెండు లోపు కట్టకపోతే పిల్ల నర్సింగ్ సీటు పోయేది. బతికించావు తల్లీ."

ఆమె కుర్చీలోంచి లేచింది.

"ఏంటి?" అన్నాడు మేనేజరు.

"ఆవిడ నిజంగా పంపాననుకున్నారు. రేపు కూతురి కాలేజీ ఫీజు. ఆ డబ్బు ఎక్కడికీ వెళ్ళలేదు."

"అయ్యో. రేపు అందలేదని తెలిశాక మళ్ళీ పంపుకుంటుందిలే. కాగితం చదివి వినిపించావు కదా, మన తప్పేం లేదు."

"తెలిశాక పంపినా చేరేసరికి పన్నెండు దాటుతుంది సార్," అంటూనే ఆమె బ్యాగు కూడా తీసుకోకుండా మెట్లు దిగింది. దిగుతూ షాపుకి ఫోన్ చేసింది. అతను ఎత్తాడు. ఆయాసపడుతూ మొత్తం చెప్పింది.

"టైమెంత?" అన్నాడు.

"అయిదూ నలభై."

"ఆరున్నర లోపు పంపితేనే రేపు పొద్దున్నకి చేరుతుంది. ఆవిడ అకౌంట్లోంచి వెళ్ళాలి, కోడ్ ఆవిడ ఫోన్‌కే వస్తుంది. పనిలో ఉంటే ఫోన్లు బీరువాలో పెట్టించేస్తారు, ఎత్తదు. హోటల్ వెనక గేటు దగ్గరికి రండి."

"మరి మీ లైన్?"

"నేను చూసుకుంటా, నువ్వు పోరా," అన్న పిన్ని గొంతు వినిపించింది ఫోన్‌లో.

వాన మళ్ళీ పట్టుకుంది. నీలం గొడుగు ఆఫీసులో బ్యాగుతోపాటే ఉండిపోయింది. ఆమె వెనక గేటు చేరేసరికి తడిసి ముద్దయింది. అతనూ అంతే, గొడుగుల షాపులోంచి గొడుగు లేకుండా వచ్చాడు. గేటు దగ్గర గార్డు అడ్డంగా నుంచున్నాడు.

"లోపలికి బయటివాళ్ళని పంపరు," అంటూనే అతని మొహంలోకి పరీక్షగా చూశాడు. "మూడుసార్ల బాబూ, నువ్వా?"

"ఇస్త్రీ అక్క కూతురి సీటు విషయం అన్నా."

గార్డు ఇంకేమీ అడగలేదు. గేటు తీసి, సూపర్‌వైజరుకి తనే ఫోన్ చేశాడు.

లోపల ఆవిరి, మిషన్ల మోత, కొండల్లా దుప్పట్లు. పొడుగాటి బల్ల దగ్గర అక్క దిండుగలీబులు ఇస్త్రీ చేస్తోంది. వాళ్ళిద్దరినీ ఆ అవతారంలో చూసి నవ్వింది.

"ఇదేంటి, ఇలా తడిశారు?"

అతను నోరు తెరిచేలోపే బొమ్మలమ్మాయి ముందుకొచ్చింది. "అక్కా, మధ్యాహ్నం మీరు బల్ల దగ్గర పంపింది నిజం కాదు. అది ఉత్తుత్తి యాప్. డబ్బు వెళ్ళలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పకపోవడం నా తప్పు."

అక్క చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లగా వాడిపోయింది.

"పంపేశాం అని రాసి ఉందిగా."

"ఉంది."

"పదింటికి చేరుతుందని కూడా ఉంది."

"ఉంది అక్కా."

"అంత నిజంలా ఎందుకు చేశావమ్మా?"

ఆమెకి తల తీసేసినట్టయింది. అచ్చం నిజంలా ఉండాలనే ఇన్నాళ్ళూ కష్టపడింది, ఆవిడ అడిగింది దాని గురించే.

"అక్కా, కోపం తర్వాత. ఇంకా పావుగంట ఉంది," అన్నాడు అతను.

సూపర్‌వైజరు బీరువాలోంచి ఫోను తెచ్చింది. కొత్త యాప్ ఇంకా బయటికి రాలేదు కాబట్టి దిక్కు ఆ పాత యాపే. దుప్పట్లు జరిపి ముగ్గురూ దాని మీదికి వంగారు. బెనిఫిషియరీ ఎక్కడ కొట్టాలో అక్కకి తెలియలేదు, అతనికి తెలిసినా వేలు తడిగా ఉండి స్క్రీన్ పలకలేదు. అక్క అప్పుడే ఇస్త్రీ చేసిన గలీబుతో దాన్ని తుడిచింది. డబ్బు పంపడానికి కారణం ఎంచుకోమని పద్నాలుగు కారణాల పట్టీ దిగింది.

"కిందికి, ఇంకా కిందికి," అంది బొమ్మలమ్మాయి. "చదువు పదకొండోది. పదకొండోది ఎందుకు చేశారో ఆ మహానుభావులు."

"పేరు చదువు అక్కా," అన్నాడు అతను.

"టైము లేదు బాబూ."

"ఉంది. చదువు."

అక్క రెండుసార్లు చదివింది. మూడోసారి అతను చదివాడు. నంబరులో చివరి రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. సరిచేశారు. ఆరూ ఇరవై ఆరుకి 'పంపు' నొక్కారు.

చక్రం తిరిగింది. 'మీ అభ్యర్థన ప్రాసెసింగ్‌లో ఉంది.'

"వెళ్ళిందా?" అంది అక్క.

ఆ యాప్ కంపెనీలో పనిచేసే మనిషి పక్కనే ఉండి కూడా చెప్పలేకపోయింది. అతను పిన్నికి ఫోన్ చేశాడు. పిన్ని కళ్ళజోడు వెతుక్కుని, కౌంటరు కంప్యూటర్లో చూసి కూడబలుక్కుని చదివింది. "స్వీకరించబడినది. ఆరూ ఇరవై ఏడు. ఇదేనా మీకు కావలసింది?"

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. అతను బట్టలకి కట్టే అట్టముక్క ఒకటి అడిగి తీసుకుని, దాని మీద ఎంత అందుతుందో పైన, ఎవరికో, ఎప్పటికో కింద రాసి అక్కకి ఇచ్చాడు. అక్క దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"మధ్యాహ్నం అది అంత చక్కగా చెప్పింది, అంతా ఉత్తిదే. ఇది నిజం చెప్పింది, ఒక్క ముక్క అర్థం కాలేదు," అంది ఇస్త్రీపెట్టె మళ్ళీ అందుకుంటూ.

"నన్ను తిట్టండి అక్కా," అంది బొమ్మలమ్మాయి.

"తిడతాను, కానీ ఇవాళ కాదు. ఇంకా రెండొందల దుప్పట్లున్నాయి."

*

తిరిగి నడుస్తుంటే అతను ఒక్క మాటా మాట్లాడలేదు. అతని మాట మీదే అక్క ఆ బల్ల దగ్గర కూర్చుంది. అతన్ని నమ్మి అంతమంది లైన్‌లో నుంచుంటారు. ఆ నమ్మకంతో తను ఆడుకున్నట్టయిందని ఆమెకి ఏడుపొచ్చింది.

"రేపటి నుంచి రానులెండి," అంది షాపు మలుపులో.

అతను ఆగాడు. ఏదో అనబోయాడు. "సరే, మీ ఇష్టం," అన్నాడు.

ఆ 'సరే' ఆమెకి రాత్రంతా చెవిలో గింగురుమంది. కోపంతో అన్నాడని ఆమె అనుకుంది. తన పని అయిపోయింది కాబట్టి వెళ్ళిపోతోందని అతను అనుకున్నాడు. ఇద్దరూ ఎదుటివాళ్ళ మాట ఒక్కసారే విన్నారు, అందుకే వచ్చింది తంటా.

రానన్న మనిషి పొద్దున తొమ్మిదిన్నరకే వచ్చి లైన్ చివర నుంచుంది. ఆమె స్టూలు మీద ఇస్త్రీ అక్క కూర్చుని ఉంది, ఫోను ఒళ్ళో పెట్టుకుని. సంగతి లైన్‌లో అందరికీ తెలిసిపోయింది. పదయింది. పదీ పది. ఎవరి వంతు వచ్చినా వాళ్ళు కిటికీ వైపు కాకుండా అక్క ఒళ్ళోకే చూస్తున్నారు. పిన్ని గొడుగులు తుడుస్తున్న నెపంతో అక్కడే తిరుగుతోంది.

పదీ ఇరవైకి ఫోను మోగింది. అక్క స్పీకర్ నొక్కింది.

"అమ్మా, కట్టేశాను. రసీదు ఇచ్చారు. సోమవారం నుంచి క్లాసులు," అంది అవతలి గొంతు. "ఎందుకే ఏడుస్తున్నావు?"

"ఏడవట్లేదే, ఆవిరి," అంది అక్క. ఇక్కడ ఆవిరి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. లైన్‌లో పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అక్క లేచి లైన్ చివరికి నడిచింది. బొమ్మలమ్మాయి తల వంచుకుంది, తిట్లకి సిద్ధపడి.

"రాత్రి పడుకుని ఆలోచించాను," అంది అక్క. "నువ్వు రాకపోయినా నిన్నెవరూ పట్టుకునేవాళ్ళు కాదు. నా కర్మ అనుకునేదాన్ని. యాప్ వాడటం కూడా నాలాంటిదానికి చేతకాలేదనుకునేదాన్ని. తప్పు నాదని వానలో పరిగెత్తుకొచ్చి చెప్పిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు." ఆమె చెయ్యి పట్టుకుంది. ఇస్త్రీ వేడికి గట్టిపడిన అరచెయ్యి అది. "చల్లగా ఉండు తల్లీ. మళ్ళీ ఎప్పుడైనా ఆ ఆట పెడితే నేను కూర్చుంటాను."

ఆమె తలూపింది. రాత్రి గీసిన కాగితం బ్యాగులోంచి తీసి చూపించింది. ఉత్తుత్తి యాప్‌లో ప్రతి స్క్రీన్ మీదా పసుపు పట్టీ, దాని మీద ఇంతేసి అక్షరాలు: 'ఇది ఆట. ఇక్కడ డబ్బు కదలదు.'

"ఇదైతే అర్థమవుతుంది," అంది అక్క. "ఆ లాయరుకి కూడా అర్థమవుతుంది."

లైన్ కదిలింది. ఆమె వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. అతను తల ఎత్తాడు, వెంటనే దించుకున్నాడు.

"ఎవరికి పంపాలి?"

"మా పెద్దమ్మకి."

అతని పెన్ను ఆగింది.

"పొద్దున ఫోన్ చేశాను. నాకు డబ్బు పంపేటప్పుడు ఎంతసేపు నుంచునేదానివి అని అడిగాను. 'ఇన్నాళ్ళకి అడిగావా' అని నవ్వింది. ఆదివారం ఒక్కటే సెలవట. పొద్దున వెళ్తే మధ్యాహ్నం అయ్యేదట. తొమ్మిదేళ్ళ ఆదివారాలు నాకు ఇచ్చేసింది." ఆమె బ్యాగులోంచి డబ్బు తీసింది. "నా జీతంలోంచి మొదటిసారి పంపుతున్నాను. యాప్‌లో కాదు. లైన్‌లో నుంచుని."

"కారణం ఏం రాయమంటారు?"

"కృతజ్ఞత అని ఉందా ఆ పద్నాలుగులో?"

"లేదు. ఇతరం అని రాయాలి."

"పదిహేనోది కలుపుతాను. అందాకా ఇతరమే రాయండి."

అతను పెద్దమ్మ పేరు రాసి ముందుకు తోశాడు. ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి అతను చదివాడు, ఒక్కో అక్షరం దగ్గరా కాస్త నెమ్మదిగా, పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టేటప్పుడు వంగినట్టు. చీటీ రాసి ఇచ్చాడు. ఆమె కదల్లేదు.

"ఇంకేమైనా ఉందా?"

"నిన్న 'సరే' అన్నారు. దానికి అర్థం అడుగుదామని."

"మీరు రానన్నారు. నేనేమనాలి?"

"రావద్దనుకుంటున్నారేమో అనుకున్నాను."

"నేనా?" అతను కళ్ళద్దాలు తీశాడు. తుడవడం మర్చిపోయి చేతిలోనే పట్టుకున్నాడు. "నిన్న మీరు అక్క ముందుకెళ్ళి నా తప్పు అన్నారు చూడండి. నన్ను నోరు విప్పనివ్వలేదు. అక్కని కూర్చోమన్నది నేను కదా, సగం తప్పు నాది. అదే చెబుదామని దారంతా మాటలు వెతుక్కున్నాను. ఇంకోటి కూడా చెబుదామని."

"ఏంటది?"

షాపులో చప్పుడు ఆగిపోయింది. ఫోటోకాపీ మిషను కూడా, పిన్ని స్విచ్చి కట్టేయడం వల్ల.

"నాకు మీరంటే ఇష్టం," అన్నాడు అతను.

ఆమె చెవులు మొదటిరోజులాగే ఎర్రబడ్డాయి. ఆ అద్దానికి ఇంకా అంటించి ఉన్న తన బొమ్మల మధ్యలోంచి అతని మొహం చూసింది.

"రెండుసార్లు చదవాలి కదండీ, పొరపాటు లేకుండా."

"నాకు మీరంటే ఇష్టం," అన్నాడు మళ్ళీ, ఒక్కో మాటా విడివిడిగా.

మూడోసారి ఆమె చెప్పింది. "నాకు మీరంటే ఇష్టం."

లైన్‌లోంచి పెద్దాయన మెడ చాచి చూశాడు.

"తేడా ఏం లేదు బాబూ," అన్నాడు. "పంపించెయ్."